రాజేశాన్ని చంపిన పెద్దమనిషి

ఆయన పోయిన వార్త లండన్ పత్రికలో పడింది. వాళ్ళమ్మాయి ఆ ముక్క ఫోన్‌కి పంపితే పొద్దున్నే కంపెనీ బస్సులో చదివాను. సౌమ్యుడట. మితభాషి అట. ఎంతో ఓర్పు గల మనిషట. ఇంకెవరి గురించైనా చదువుతున్నానేమోనని పైకి జరిపి ఫోటో చూశాను. ఆయనే. అదే ముక్కు, ముక్కు మీద అదే కోపం. నాకు నవ్వాగలేదు. పక్క సీట్లో కూర్చునే మా అకౌంట్స్ అమ్మాయి "ఏంటండీ, పొద్దున్నే అంత నవ్వొచ్చింది?" అని అడిగింది. "తెలిసినాయన పోయారమ్మా" అన్నాను. ఆఫీసు వచ్చేదాకా ఆ పిల్ల మళ్ళీ నా వంక చూడలేదు.

ఆయన ఎక్కడ పుట్టాడో, ఏం చదివాడో, నవలలెన్నో, కవితల పుస్తకాలెన్నో, ఏ బహుమతి చేతిదాకా వచ్చి తప్పిపోయిందో అన్నీ ఆ పత్రికలో ఉన్నాయి. కావలసినవాళ్ళు చదువుకోవచ్చు. వాళ్ళకి తెలియనిదల్లా దోహాలో ఆఖరి రోజుల్లో ఆయన నన్నెలా కాల్చుకు తిన్నాడన్నదే. అది నేను చెప్తాను. పేరు మాత్రం చెప్పను. బతికినన్నాళ్ళూ చుట్టూ ఉన్నవాళ్ళందరినీ పట్టుకెళ్ళి, పేర్లు మార్చి తన పుస్తకాల్లో పెట్టుకున్నాడు. నేను ఆ మార్చే శ్రమ కూడా పడదల్చుకోలేదు.

మాది పాలకొల్లు దగ్గర. డిగ్రీ చదివే రోజుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరి ఇంగ్లీషు హయ్యర్ పాసయ్యాను. ఆ వేళ్ళే నన్ను ఇంతదూరం తెచ్చి వెస్ట్ బేలో ఒక ఆఫీసులో సెక్రటరీగా కూర్చోబెట్టాయి. ఒక శుక్రవారం మా తెలుగు కూడిక ముగించుకుని బయటికి వస్తుంటే, ఇంగ్లీషు ఆరాధనకి వచ్చే తెల్ల డాక్టరమ్మ ఒకావిడ ఆపింది. వాళ్ళ నాన్న రచయిత అనీ, తల్లి పోయాక ఇక్కడికి తెచ్చి దగ్గర పెట్టుకున్నాననీ, చూపు మందగించి ఇప్పుడు రాయలేకపోతున్నాడనీ చెప్పింది. ఆయన చెబుతుంటే టైపు కొట్టిపెట్టడానికి మనిషి కావాలట. పెద్దాయన కదా, శుక్రవారం మధ్యాహ్నాలు నాకూ ఖాళీయే కదా అని సరేనన్నాను. "కాస్త పట్టుదల మనిషి" అని గొంతు తగ్గించి అందావిడ. కూతురు కాబట్టి అంత మర్యాదగా చెప్పిందని తర్వాత అర్థమైంది.

ముఐథర్‌లో వాళ్ళ ఇల్లు. నేను మొదటిసారి వెళ్ళింది జూన్‌లో. గదిలోకి అడుగుపెడితే ఆవిరి కుడుము గిన్నె మూత తీసినట్టుంది. ఏసీ పాడైందేమోనని, బాగుచేసేవాళ్ళ నంబరు ఇవ్వమంటారా అని అడిగాను.

"పాడవలేదు. నేనే కట్టేశాను" అన్నాడు. ఆయన మాటలన్నీ ఇంగ్లీషువే, నా తెలుగులో చెప్తున్నాను. "దాని మోతకొక తాళం ఉంది. నేను వాక్యం మొదలుపెట్టగానే దాన్ని లాక్కుపోయి తన తాళంలో కలిపేసుకుంటుంది."

కవి కదా, అలాగే ఉంటాడు అనుకున్నాను. ఒక్కరోజు సంగతి కాదది. ఖతర్ ఎండల్లో, బయట పిట్ట కూడా ఎగరని మధ్యాహ్నాల్లో, ఏసీ కట్టేసుకుని నవల చెప్పాడా మనిషి. నేను మెడకి తడి తువ్వాలు చుట్టుకుని కొట్టేదాన్ని. చెమటకి వేళ్ళు జారి ఒక అక్షరానికి బదులు ఇంకొకటి పడేది. తట్టుకోలేక మధ్యలో వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసుకుని నిలబడితే, లోపల్నుంచి "వాక్యం చల్లారిపోతోంది!" అని అరిచేవాడు. "నేను కూడా చల్లారాలి కదండీ మహానుభావా" అనేదాన్ని తెలుగులో. ఏమన్నావని అడిగేవాడు. వస్తున్నానన్నానని చెప్పేదాన్ని.

ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టి చదివి వినిపించాలి. సగంలో ఆపేవాడు. "ఆ 'విచారంగా' అన్న మాట ఎవరడిగారు?"

"మీరే చెప్పారండీ."

"నేనే చెప్పాను. ఎవరడిగారు అంటున్నాను."

తీసేయాలి. ఇంకో వాక్యం, ఇంకో మాట, మళ్ళీ ఎవరడిగారు. ఆ మాటలన్నీ నేనే మా ఊరినుంచి మూటకట్టుకుని తెచ్చినట్టు నా వంక చూసేవాడు. సాయంత్రానికి కొట్టినదానికంటే తీసేసినదే ఎక్కువుండేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

మాటలకే కాదు, మనుషులకీ అదే పాట. ఒకసారి చేపల పులుసు పట్టుకెళ్ళాను. "ఎవరడిగారు?" అన్నాడు గిన్నె చూసి. నేను చిన్నబుచ్చుకుని మూత పెట్టేశాను. టైపు చేస్తూ వెనక్కి తిరిగి చూస్తే, ఖుబూస్ రొట్టె ముక్కతో గిన్నె అడుగు తుడుచుకుని తింటున్నాడు. ఆపై వారం కావాలనే వట్టి చేతులతో వెళ్ళాను. ఆ రోజంతా నా సంచీ వంకే చూస్తూ కూర్చున్నాడు. తెచ్చావా అని అడగడానికి మాత్రం నోరు రాలేదు. అడగకుండా తెస్తే తప్పు, తేకపోతే ఇంకా పెద్ద తప్పు.

ఆయన రాసిన కవితల్లో ఒక్కటే అందరికీ తెలుసట. చచ్చిపోయిన కుక్క మీద, కాలేజీ రోజుల్లో రాసింది. వాళ్ళ దేశంలో బడిపిల్లల పుస్తకాల్లో వేశారు. చర్చి ఆవరణలో కూతురి కోసం ఎదురుచూస్తూ నిలబడ్డప్పుడు ఒక కేరళ టీచరమ్మ ఆయన్ని గుర్తుపట్టి, చేతులు కట్టుకుని ఆ కవిత మొత్తం అప్పజెప్పింది. కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది పాపం. ఈయన మధ్యలోనే తిరిగి కారెక్కేశాడు. నాకు సిగ్గేసి ఆవిడకి సర్దిచెప్పి వచ్చాను. "ఆవిడ ఎంత ఆప్యాయంగా చెప్పిందండీ" అంటే, "ఎప్పుడో చచ్చిన కుక్క, ఇప్పటికీ నన్ను కరుస్తూనే ఉంది. ఆ తర్వాత నేను రాసిందేదీ ఎవడూ చదవలేదు" అన్నాడు. అలా అన్నప్పుడు జాలేసేది. జాలి నిలవనిచ్చేవాడు కాదు. మరుక్షణం కామాలు సరిగ్గా పెట్టలేదని తిట్టేవాడు.

నవలల సంగతి ఇంకోరకం. ప్రతి నవల చివరా ఒక మంచిమనిషిని చంపుతాడు. ఆ మంచిమనిషి నిజంగా ఉన్న మనిషే అయి ఉంటాడు. మొదటి నవలలో పక్కింటి రొట్టెల కొట్టాయన్ని చంపితే ఆయన ఈయనకి రొట్టె అమ్మడం మానేశాడు. ఇంకోదాంట్లో సొంత అక్కని సముద్రంలో ముంచేశాడు. ఆవిడ పోయేదాకా మాట్లాడలేదట. ఇంకోదాంట్లో పెళ్ళినాడు తోడునిలిచిన స్నేహితుడు. ఆయన తన రచనాజీవితం గురించి చెప్పినప్పుడల్లా, అది తనతో మాటలు మానేసినవాళ్ళ కథలాగే ఉండేది. "వాళ్ళకి కోపం ఎందుకొచ్చిందో నాకెప్పుడూ అర్థం కాలేదు. అందరికీ అందమైన చావులే ఇచ్చాను" అనేవాడు. నిజంగానే అర్థం కానట్టు మొహం పెట్టేవాడు.

అప్పటికైనా నేను జాగ్రత్తపడవలసింది.

వాళ్ళ ఇంటి పక్కన కొత్త ఇల్లు కడుతున్నారు. అక్కడ పరంజా కట్టే మనిషి రాజేశం. జగిత్యాల వైపు పల్లె. నలభై దాటినవాడు, ఎడమ చెవి తమ్మె కొంచెం తెగి ఉంటుంది. మధ్యాహ్నం విరామంలో గోడ నీడన పడుకుంటుంటే ఈయన వెళ్ళి పక్కన కూర్చునేవాడట. ఒకరి భాష ఒకరికి రాదు. రాజేశానికి కాస్త హిందీ, నాలుగు అరబ్బీ ముక్కలు, ఈయనకి ఇంగ్లీషు తప్ప ఏమీ లేదు. అయినా ఇద్దరూ చేతులతో ఏదో చెప్పుకునేవాళ్ళు. అది చాలక నన్ను లాగాడు. ప్రతి శుక్రవారం టైపు పనయ్యాక టాక్సీ ఎక్కి ముగ్గురం నజ్మా పేటకి వెళ్ళి, మలయాళీ టీకొట్టు బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చునేవాళ్ళం. రాజేశం చెప్పేవాడు, నేను ఇంగ్లీషులో పెట్టేదాన్ని, ఈయన వినేవాడు.

రాజేశానికి అక్కడ కూర్చోవడం ఎంతిష్టమో. కూలీల క్యాంప్‌లో తన మాట వినేదెవరు. బీడీలు చుట్టి తనను సాకిన అమ్మ గురించి, చెవి కొరికిన మేకపోతు గురించి, పెళ్ళిలో అలిగిన మేనమామ గురించి చెప్పేవాడు. "తెల్లసారు మస్తు ఇంటడు అక్కా" అని నాతో మురిసిపోయేవాడు. ఆ వినడం ఎలాంటి వినడమో నాకు తెలుసు. చెప్పలేకపోయాను.

అనుకున్నట్టే అయింది. నవలలోకి పరంజా కట్టే మనిషి వచ్చాడు. దోహాకి వచ్చిన ముసలి ఇంగ్లీషాయన ఒకడు "నేను" అని చెప్పుకునే కథ అది. ఆ నేనుకీ ఈ మనిషికీ పెద్ద స్నేహం. చివర్లో ఆ మనిషి పరంజా మీంచి పడి చచ్చిపోతాడు. కొడుతుంటే నా వేళ్ళు ఆగిపోయాయి. "పాపం, రాజేశం కదండీ" అన్నాను. "పేరు మార్చాను" అన్నాడు. ఆపై శుక్రవారం టీకొట్టు దగ్గర, ఆ అధ్యాయం అతనికి వినిపించమన్నాడు. తన గురించి రాసింది తను వినాలట, అది మర్యాదట. వద్దండీ అని నెత్తీ నోరూ బాదుకున్నాను. వినలేదు. మెత్తమెత్తగా చదువుదామనుకున్నాను, కానీ చావుని ఎంత మెత్తగా చదివితే మాత్రం ఏం లాభం.

రాజేశం టీ గ్లాసు కింద పెట్టాడు. "నన్ను సంపిండా అక్కా?"

"నిన్ను కాదు రాజేశం. పేరు వేరే ఉంది, చూడు."

"పేరు మారితే ఏమైతది? బీడీలు జేసేది మా అమ్మనే గదా. చెవు గొరికింది మా మేకనే గదా. నేనేం జేసిన అక్కా సారుకు? రేపు పొద్దుగాల గదే పరంజా ఎక్కాలె నేను." లేచి వెళ్ళిపోయాడు. టీ అలాగే ఉంది.

"కదిలిపోయాడు" అన్నాడీయన తృప్తిగా. "అధ్యాయం కుదిరింది."

ఆ క్షణాన అక్కడున్న కుర్చీ ఎత్తి ఆయన నెత్తిన వేసేదాన్నే, చర్చికి వెళ్ళొచ్చిన చేతులని ఊరుకున్నాను.

ఆ తర్వాత రాజేశం పైకి ఎక్కలేదు. ఎక్కబోతే కాళ్ళు వణుకుతున్నాయట. ఫోర్‌మన్‌ని బతిమాలి కింద ఇసుక మోసే పనిలో పడ్డాడు. వాళ్ళ ఫోర్‌మన్ కొన్నాళ్ళు చూసి, ఎక్కనివాడు తనకెందుకు, ఇంటికి పంపించేస్తానన్నాడు. రాజేశం నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. "సారుకు జెప్పు అక్కా, జర నన్ను బతికియ్యమను. నాలుగు ముక్కలు మారిస్తే ఏం వోతది? వీళ్ళు నన్ను పంపిచ్చేస్తే ఇంటికి పోయి ఏం జెయ్యాలె?"

నేను ముఐథర్ వెళ్ళి మొదలుపెట్టాను. ఆయన వినడే. నవల సేఫ్టీ మీటింగ్ కాదన్నాడు. మొదటి పేజీ నుంచీ ఆ చావు కోసమే నడుస్తోందన్నాడు. ఆ మనిషి బతికితే పుస్తకంలో టీ తాగడం తప్ప ఏం మిగలదన్నాడు. "మీకు మనుషులకంటే వాక్యాలెక్కువ" అన్నాను. "అవును. ఇందులో కొత్తేముంది" అన్నాడు. వారం తర్వాత వారం ఇదే గొడవ. తల ప్రాణం తోకకొచ్చింది నాకు. ఒకరోజు కిటికీ దగ్గర నిలబడి, పక్క సైట్‌లో శుక్రవారం కూడా ఓవర్‌టైమ్‌కి ఇసుక బస్తా మోస్తున్న రాజేశాన్ని చూసి, "అతను కిందెందుకున్నాడు?" అని అడిగాడు. ఇన్ని వారాలుగా నేను అరుస్తున్నది చెవిన పడితేగా. "మీరే దింపారు" అన్నాను. ఆ రోజు టైపు లేదు పొమ్మన్నాడు.

ఆపై వారం వెళ్ళేసరికి "చివరి అధ్యాయాలు తీసెయ్. అతను బతుకుతాడు" అన్నాడు. నాకెంత సంతోషమేసిందో. ఆ సంతోషాన్ని ఒక్క గంట కూడా ఉండనివ్వలేదు. ప్రతి వాక్యానికీ నిట్టూర్పు, ప్రతి పేజీకీ సణుగుడు. బతికిన మనిషితో ఏం చేయాలో ఆయనకి నిజంగానే తెలియలేదు, ఎప్పుడూ చేయని పని కదా. మొత్తం కొట్టడం పూర్తయ్యాక "పుస్తకం చెడిపోయింది. అతను మాత్రం బాగున్నాడు" అన్నాడు.

ఈలోగా రాజేశానికి సెలవొచ్చి ఊరెళ్ళాడు. తిరిగొచ్చాక నజ్మాలో కలిశాం. మనిషి కళకళలాడుతున్నాడు. నేను ఆగలేక కుర్చీ లాక్కుంటూనే చెప్పేశాను, "రాజేశం, సారు మార్చేశారు. నువ్విప్పుడు బతికే ఉన్నావ్."

అతని మొహం వాడిపోయింది. "అయ్యో! ఎందుకు బతికిచ్చిండు అక్కా?"

నాకు మతిపోయింది. విషయమేమిటంటే, ఊళ్ళో అమ్మతో చెప్పుకుని ఏడ్చాడట, దుబాయ్‌లో ఒక తెల్లాయన నన్ను కథలో చంపాడని. ఆవిడకి ఖతరూ దుబాయే. ఆవిడ పకపకా నవ్విందట. మనిషి బతికుండగా చచ్చిపోయాడని అబద్ధం పుడితే ఆయుష్షు పెరుగుతుందని తెలియదా అందట. మా గోదావరి వైపూ ఆ మాట ఉంది. ఎవరైనా పోయారని తప్పుడు కబురొస్తే మా అమ్మమ్మ కూడా అదే అనేది. పాస్టరుగారికి వినపడకుండా అనేది.

"మామూలు అబద్ధం గాదు, ఇది అచ్చేసిన అబద్ధం అన్నది మా అమ్మ. బుక్కు ఉన్నన్ని దినాలు నాకేం గాదట. వచ్చిన్నాడే సర్రున పరంజా ఎక్కిన అక్కా. కాళ్ళు వణకలే. ఇప్పుడు బతికిచ్చిండంటే మల్ల ఎట్ల? సారుకు జెప్పు, మల్ల సంపుమను!"

పక్కన ముసలాయన ఏమంటున్నాడు, ఏమంటున్నాడు అని నా చేయి గుంజుతున్నాడు. ఇంగ్లీషులో పెట్టాను. విని నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు. నవ్వి నవ్వి దగ్గు పట్టుకుంది, దగ్గి దగ్గి మళ్ళీ నవ్వాడు. "నా జన్మకి ఇంత మంచి సమీక్ష రాలేదు. ఎవరు, ఆ బీడీలు చుట్టే ఆవిడా? లండన్‌లో ఒక్కడికీ ఇంత బుద్ధి లేకపోయింది" అన్నాడు.

సరే, పాత ఫైలు నా దగ్గరే భద్రంగా ఉంది, పెట్టేస్తే అయిపోతుంది కదా అనుకున్నాను. ఒప్పుకుంటేనా. "అప్పుడు చేసింది హత్య. ఇప్పుడు చేస్తున్నది ఉపకారం. వాక్యాలు వేరేగా ఉండాలి" అన్నాడు. మళ్ళీ ఏసీ కట్టేశాడు. మళ్ళీ మెడకి తడి తువ్వాలు. ఒకే మనిషిని చంపి, బతికించి, మళ్ళీ చంపి, ఆ మూడూ నా చేతులతోనే కొట్టాను. కొత్త చావు మాత్రం బాగుందని ఒప్పుకోవాలి. చదివితే భయం వేయదు. రాజేశానికి వినిపిస్తే, "ఇంకొంచెం పెద్దగ రాయరాదా" అన్నాడు.

ఆ దగ్గు తగ్గలేదు. పరీక్షలు చేయించారు. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయట, డాక్టరు కూతురు ఇంట్లో ఉండి కూడా చెప్పుకోలేదు. ఆవిడ నాతో చెప్పి ఏడ్చింది. నేను రాజేశంతో చెప్పాను. ఆపై శుక్రవారం ఆయన దుప్పటి కప్పుకుని, వద్దంటే వినకుండా నజ్మాకి వచ్చాడు. రాజేశం ఆయన ఎదుట నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, సారుకు జెప్పు. తనను గూడ సంపుకోమను కతల. గా 'నేను' అనేటాయన సారే గదా. ఆయన సచ్చిపోయిండని రాసుకుంటే సారు ఆయుష్షు గూడ వెరుగుతది. నాకు జేసిండు గదా, తనకు జేసుకోడా?"

చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "'నేను' అని చెప్పేవాడు చచ్చిపోతే, చచ్చిపోయాడని ఎవరు చెబుతారు? సాంకేతికంగా కుదరదు. అడుగు అతన్ని."

"అక్క రాస్తది" అన్నాడు రాజేశం వెంటనే.

"ఈమె రాస్తే వాక్యానికొక విశేషణం ఎక్కువుంటుంది" అన్నాడీయన.

రాజేశం ఆయన కాలు పట్టుకున్నాడు. "సార్, ప్లీజ్ సార్. లిఖో సార్." ఆయన కాలు వెనక్కి తీసుకుని, టాక్సీ పిలవమన్నాడు. దారంతా నేను సాధించాను. రెండు ముక్కలు రాస్తే ఏం పోయింది, అతని తృప్తి కోసమైనా రాయకూడదా, ఎందుకింత మొండితనం అని. కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నిద్రపోతున్నాడేమోనని చూస్తే, "వింటున్నాను. ఇందులో ఒక్క మాట కూడా ఎవరూ అడగలేదు" అన్నాడు.

ఆఖరిసారి నేను వెళ్ళేసరికి ఆ గదిలో ఏసీ వేసి ఉంది. గుమ్మంలోనే నిలబడిపోయాను. ఎన్నాళ్ళనుంచో కోరుకున్న చల్లదనం, వచ్చేసరికి నాకు గుండె జారిపోయింది. మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. "కూర్చో. దాన్నలాగే ఉండనీ. చివర ఒక పేజీ ఉంది" అన్నాడు.

చెప్పాడు. ముసలాయన టీకొట్టు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పోతాడు. ఏదో మాట కోసం వెతుక్కుంటున్నాడనుకుని చుట్టూ ఉన్నవాళ్ళు చాలాసేపు పలకరించరు. "నేను" అన్న మాట అక్కడికి ఆగిపోయి, ఆ కింద నుంచి "అతను" అని మొదలవుతుంది. ఎవరు చెబుతున్నారో ఉండదు. అంతే. సాంకేతికంగా కుదిరింది కాబోలు. ఒక్క మాట కూడా తీసేయమనలేదు. చదివి వినిపించాను. చాలా కోపం వచ్చింది, ఇదేదో ముందే రాయకూడదా అని.

"మీరు నమ్ముతారా ఇదంతా?" అన్నాను.

"నమ్మకం సంగతి ఎవరడిగారు? రాజ్ అడిగింది రాయమని." రాజేశాన్ని రాజ్ అనేవాడు. "అతనితో చెప్పు. ఈసారి మాట విన్నానని చెప్పు. నేను ఎవరి మాటా విననని అనుకుంటున్నాడు. తప్పకుండా చెప్పు" అన్నాడు. ఆయన నన్నొక పని బతిమాలినట్టు అడగడం ఎప్పుడూ ఎరగను.

శుక్రవారం నజ్మాలో కలిసినప్పుడు చెబుదామనుకున్నాను. ఫోన్‌లో చెప్పేస్తే రాజేశం మొహంలో సంతోషం చూడలేను కదా అని. శుక్రవారం దాకా ఆయన ఆగలేదు.

మొన్న శుక్రవారం నేను వెళ్ళేసరికే రాజేశం టీకొట్టు దగ్గర ఉన్నాడు. ముఐథర్ పని అయిపోయిందట. రేపటి నుంచి వెస్ట్ బేలో, మా ఆఫీసు ఎదుటి టవర్‌కి బయట వేలాడుతూ అద్దాలు బిగించే పని. అంత ఎత్తు ఇదివరకు ఎప్పుడూ ఎక్కలేదన్నాడు. తర్వాత తల దించుకున్నాడు. "అక్కా, సారు రాసుకోలే గదా?"

రాశారు రాజేశం, నీ మాట విన్నారు, చెప్పమన్నారు అని నోటిదాకా వచ్చింది. ఎన్ని రోజులుగానో మోసుకు తిరుగుతున్న మాట. అతను నా వంక చూస్తున్నాడు. రాసినా ఆయుష్షు పెరగలేదని నా నోటితో విని, రేపు పొద్దున ఆ టవర్ ఎక్కాలి ఈ మనిషి.

"రాయలేదు" అన్నాను.

"నాకెర్కనే. ఎంత మొత్తుకున్న! కాళ్ళు వట్టుకున్న గదా అక్కా. రాసుకుంటే బతుకుతుండె. ఉత్తగ పాయె." తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. ఏడుస్తూనే తిట్టాడు. "మొండోడు. ఒక్కని మాట ఇనలే."

"మొండివాడే" అన్నాను నేను కూడా. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆ మనిషి విన్నది ఒక్కరి మాట. విన్నానని చెప్పమని నన్ను అడిగాడు. ఆయన చెప్పినదాంట్లో కామా కూడా నేనెప్పుడూ నా అంతట నేను మార్చలేదు. మార్చింది ఈ ఒక్కటే. వినబడితే పైనుంచి ఎన్ని తిట్లు తిడతాడో తెలుసు. తిట్టనీ. నాకు ఆయన మీద ఇంకా కోపమే, ఈ అబద్ధం నా చేత ఆడించినందుకు కూడా.

రాజేశం టీ తాగి లేచాడు. పొద్దున్నే డ్యూటీ ఉంది, క్యాంప్ బస్సు వెళ్ళిపోతుందన్నాడు.

"పైన జాగ్రత్త రాజేశం" అన్నాను.

"నాకేమైతది అక్కా" అన్నాడు. "సారు నన్ను రాసిపోయిండు గదా."